విజయవాడ, మంగళగిరి, గుంటూరు, అమరావతి చుట్టు ఒక్క రోజులో: కారులో ఎటు నుంచి మొదలెట్టాలి?

పటమట వాసి

పొద్దున బెజవాడలో బయల్దేరి, కృష్ణకు దక్షిణం వైపంతా ఒక చుట్టు తిరిగి, చీకటి పడే వేళకి ఇంటికి చేరాలి. ఔటర్ రింగ్ రోడ్డు దాదాపు 190 కిలోమీటర్లు అంటున్నారు. అది పూర్తయ్యేదాకా ఆగలేం కాబట్టి ఉన్న రోడ్లతోనే ప్లాన్ వేశాను: ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి గుహలు, కరకట్ట, అమరావతి, గుంటూరు, మంగళగిరి, కనకదుర్గ వారధి.

ఏడు సీట్ల పెట్రోలు కారు. నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. పెద్దల్లో ఇద్దరికి 70 దాటాయి, ఒకరికి మోకాళ్ల నొప్పులు. పానకాల స్వామి దర్శనం తప్పనిసరి అంటున్నారు. పిల్లలకు ఉప్పలపాడు పక్షులు చూపించాలి. మిగతా టైమంతా నది పక్కన హాయిగా నడుపుకుంటూ పోతే చాలు. జనవరి చివర్లో, శుక్రవారం అనుకుంటున్నాం.

తెలిసినవాళ్లు చెప్పండి. ఈ వరస సరైనదేనా? కరకట్ట రోడ్డు మీద పెద్ద కారుతో ఇబ్బందా? టోల్ ఎక్కడ? భోజనం ఎక్కడ పడుతుంది?

---

కరకట్ట

ఊళ్లు సరిగ్గానే పెట్టుకున్నారు గానీ వరస తిరగేయండి. వారధి మీదుగా ముందు మంగళగిరి, తర్వాత ఉప్పలపాడు, గుంటూరు పక్క నుంచి అమరావతి, అక్కడి నుంచి ఉండవల్లి, ఆఖరున బ్యారేజీ. ఎందుకంటే:

ఒకటి, పానకాల స్వామి. కొండ మీది గుడి మధ్యాహ్నం 3 గంటల దాకే. ఆ తర్వాత దేవతలు అర్చిస్తారని నమ్మకం కాబట్టి సాయంత్రం తెరవరు. మీ వరసలో వెళ్తే మంగళగిరి చేరేసరికి మూడున్నర, నాలుగు అవుతుంది. తొందరపడి మూడుకి చేరినా అమరావతిలో ఏమీ చూడనట్టే. ఈ చుట్టు వేసేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. దిగువన ఊళ్లో ఉన్న లక్ష్మీనరసింహస్వామి గుడి సాయంత్రం కూడా తెరిచి ఉంటుంది కదా, అదే ఇదీ అనుకుంటారు. అవి రెండూ వేరు.

రెండు, ఎండ. పొద్దున మంగళగిరి మీదుగా గుంటూరు వైపు నైరుతికి పోతారు కాబట్టి ఎండ వెనక నుంచి, ఎడమ నుంచి పడుతుంది. మధ్యాహ్నం మూడు తర్వాత అమరావతి నుంచి తూర్పుకి వస్తారు, సూర్యుడు మళ్లీ వీపు వెనకే. ఇంటికి చేరేదాకా డ్రైవరు మొహం మీద ఎండ పడదు.

మూడు, నది. దక్షిణపు ఒడ్డున తూర్పుకి వస్తుంటే నది మీకు ఎడమ చేతి వైపు. మన బండ్లు నడిచేదీ ఎడమే. ఎక్కడ ఆపాలన్నా రోడ్డు దాటకుండా నది పక్కనే పెట్టుకోవచ్చు, పిల్లలు ఆ తలుపు నుంచే దిగుతారు. ఎదురు దిశలో వెళ్తే ప్రతిసారీ టిప్పర్ల మధ్య నుంచి రోడ్డు దాటించాలి.

టైము ఇలా వేసుకోండి. ఆరున్నరకల్లా బెంజి సర్కిల్ దాటాలి. ఏడుంపావుకి మంగళగిరి కొండ కింద. దర్శనం, పానకం అయ్యేసరికి ఎనిమిదిన్నర. టిఫిను మంగళగిరిలోనే. తొమ్మిదిన్నరకి ఉప్పలపాడు, అక్కడ గంట. పన్నెండుకి అటూ ఇటూగా అమరావతి. భోజనం, మ్యూజియం, స్తూపం, ధ్యాన బుద్ధుడు కలిపి మూడు గంటలు. మూడింటికి అక్కడ బయల్దేరితే నాలుగుకి ఉండవల్లి, అయిదుంపావుకి సీతానగరం ఘాటు. జనవరి చివర్లో సూర్యాస్తమయం ఇంచుమించు ఆరు గంటలకి.

దూరం మొత్తం 110 నుంచి 120 కిలోమీటర్ల మధ్య. లెక్కకి అమరావతి నుంచి గుంటూరు 33, గుంటూరు నుంచి మంగళగిరి 20, ఉప్పలపాడు రానూ పోనూ ఇంకో పదిహేను. నిండుగా మనుషులు, ఏసీ, ఆగి ఆగి నడపడం కలిపితే 9 లీటర్ల పెట్రోలు అనుకోండి. ట్యాంకు మంగళగిరిలోనో గుంటూరు దాటకముందో నింపేయండి. తాడికొండ దాటాక, రాజధాని ఊళ్లలోనూ బంకులు దూరం దూరంగా ఉంటాయి.

టోల్ ఒక్కటే, మంగళగిరి దాటాక కాజ దగ్గర. ఒక్కసారే దాటుతారు కాబట్టి రానూపోనూ రాయితీ వర్తించదు. ఫాస్టాగ్‌లో బ్యాలెన్సు ముందు రోజే చూసుకోండి. ట్యాగు పనిచేయకపోతే మామూలు టోల్ కంటే ఎక్కువ పడుతుంది. ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉన్నవాళ్లకి జాతీయ రహదారి ప్లాజా కాబట్టి అది ఇక్కడ చెల్లుతుంది.

---

అమరారామం

కరకట్ట గారి లెక్క బాగుంది. ఒక్క లోటు మాత్రం చెప్పాలి. పన్నెండుకి అమరావతి చేరితే అమరేశ్వరుడి దర్శనం దక్కకపోవచ్చు. మధ్యాహ్నం గుడి మూసి మళ్లీ సాయంత్రం తెరుస్తారు. పంచారామాల్లో ఒకటి, అంత దూరం వెళ్లి శివుణ్ణి చూడకుండా రావడం బాగోదు. అక్కడి లింగం నిలువెత్తుకు మించినది. పూజారి పై అంతస్తు అరుగు మీద నిలబడి అభిషేకం చేస్తారు. అది చూడాలంటే పొద్దునే వెళ్లాలి. అమరావతితో మొదలెట్టి పదకొండుకల్లా తెమిలిపోతే మంగళగిరి రెండింటికి అందుకోవచ్చు కదా?

---

కరకట్ట

అందుకోవచ్చు, అయితే ఉండవల్లి పూర్తిగా వదిలేయాలి, ఉప్పలపాడు మిట్టమధ్యాహ్నం పడుతుంది. పక్షులు ఆ వేళ రెక్కలు ముడుచుకుని కొమ్మల మీద కూర్చుంటాయి, పిల్లలకి చూడ్డానికి ఏమీ ఉండదు. పెద్దవాళ్లు పానకాల స్వామి తప్పనిసరి అన్నారు కాబట్టి అదే ముందు పెట్టాను.

రెండు దర్శనాలూ కావాలంటే ఒక మార్గం ఉంది. ఉప్పలపాడు తీసేసి, మంగళగిరిలో ఎనిమిదిన్నరకి బయల్దేరితే పదిన్నరలోపే అమరావతి. గుడి ముందు, మ్యూజియం తర్వాత. పక్షులా, అమరేశ్వరుడా అన్నది ఇంట్లో తేల్చుకోండి. రెండూ కలిపితే రోజంతా గడియారం చూసుకోవడమే అవుతుంది.

---

గడియారం

శుక్రవారం వద్దు. అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారమే సెలవు. గురువారానికి మార్చుకోండి.

---

రేగడి నేల

రోడ్డు సంగతి ఎవరూ రాయలేదు, అందుకే వివరంగా రాస్తున్నా.

గోరంట్ల దాటి లాం, తాడికొండ మీదుగా అమరావతి దాకా అంతా నల్లరేగడి. ఎండలో తారు బాగానే కనిపిస్తుంది గానీ కింద నేల ఉబ్బి, ఎండి, ఉబ్బి, ఎండి రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. గుంత లేకపోయినా కారు ఊగుతుంది. ఏడుగురు కూర్చునే కారు నిండితే వెనక సస్పెన్షన్ కిందికి దిగి ఉంటుంది కాబట్టి 60 దాటితే అడుగుభాగం తగిలే చోట్లు ఉన్నాయి. 45, 50 లో పోతే మూడో వరస వాళ్లకి నడుం నొప్పి రాదు. టైర్ల గాలి డ్రైవరు తలుపు పక్కన స్టిక్కరు మీద 'ఫుల్ లోడ్' అని ఉన్న అంకె ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పొద్దునే పెట్టించండి. మామూలు గాలితో నిండు బండి ఎక్కిస్తే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి.

వాన పడితే మార్జిన్ దిగొద్దు. ఇది రెండుసార్లు చెప్పినా తక్కువే. ఎండలో రాయిలా ఉండే ఆ మట్టి ఒక్క జల్లుకి జిగురవుతుంది. చక్రం దిగిన నిమిషంలో టైరు గాళ్లన్నీ మట్టితో నిండి, బోడి టైరులా తిరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. దిగబడితే తొక్కడం ఆపేసి, చక్రాల ముందు మట్టి చేత్తో తీసి, కారులో ఉన్న రబ్బరు మ్యాట్లు లేదా పత్తి కట్టె వేసి, రెండో గేరులో నెమ్మదిగా క్లచ్ వదలాలి. అప్పటికీ రాకపోతే ట్రాక్టరే. ఎదురు బండికి దారి ఇవ్వాల్సి వస్తే తారు మీదే ఆగి వాళ్లని పోనివ్వండి.

వాగులు రెండు చోట్ల ముఖ్యం. లాం దగ్గర కొండవీటి వాగు పొంగితే గుంటూరు, అమరావతి మధ్య బండ్లు ఆగిపోతాయి. అమరావతి దాటాక పెదమద్దూరు దగ్గర వాగు పొంగితే విజయవాడ వైపు దారి మూసుకుపోతుంది. రెండూ ఒకే వానకి పొంగితే అమరావతిలోనే ఇరుక్కుంటారు. జనవరిలో ఆ భయం లేదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఈ చుట్టు వేసేవాళ్లు ముందు రోజు వాన చూసుకుని బయల్దేరాలి. చప్టా మీద నీరు పారుతుంటే ఎంత లోతు అని కొలవకండి, అంచు ఎక్కడ తెగిందో పైనుంచి కనపడదు. వెనక్కి తిప్పేయడమే.

జనవరిలో ఉండే బెడద వేరు. పత్తి లోడు ట్రాక్టర్లు, కొత్త మిర్చి బస్తాల లారీలు. పత్తి తొట్టి రోడ్డు సగానికి పైగా ఆక్రమిస్తుంది, వెనక రిఫ్లెక్టరు ఉండదు, ఉన్నా పత్తి కింద దాక్కుంటుంది. ఓవర్‌టేక్ చేసేముందు హారన్ కొట్టి, డ్రైవరు చెయ్యి ఊపేదాకా ఆగండి. ట్రాక్టరు చప్పుడులో హారన్ ఒక్కసారికి వినపడదు.

పొగమంచు కూడా ఉంటుంది. వారధి నుంచి కాజ దాకా ఆరున్నర, ఏడున్నర మధ్య తెరలు తెరలుగా పడుతుంది. హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుంది, లో బీమ్ చాలు. హజార్డ్ లైట్లు వేసుకుని నడపకండి, ఇండికేటరు వేసినా వెనకవాడికి తెలియదు.

---

బ్రాడీపేట 4వ లైన్

గుంటూరు వైపు సంగతి.

ఊళ్లోకి రావొద్దు. హైవే నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని గోరంట్ల దగ్గర అమరావతి రోడ్డు ఎక్కండి. జిన్నా టవర్, మాల్పూరీ మిఠాయి అని ఊళ్లోకి దిగితే గంట పోతుంది. మాల్పూరీ ఎలాగూ సాయంత్రం వ్యవహారం.

మిర్చి యార్డు చూడాలన్న సరదా చాలామందికి ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా లావాదేవీలు నడుస్తాయి, శని ఆదివారాలు సెలవు. తేజ, 334, 341 రకాల మిర్చి బస్తాలు కొండల్లా పడి ఉండటం చూడదగ్గదే. కానీ మీతో ఉన్నది పిల్లలూ పెద్దవాళ్లూ. ఆ ఘాటుకి అలవాటు లేనివాళ్లు పది అడుగులు వేసేసరికి దగ్గు పట్టుకుంటుంది, కళ్లు మండుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లని అసలు తీసుకెళ్లకూడదు. పక్క నుంచి పోతున్నా అద్దాలు మూసి, ఏసీని లోపలి గాలే తిరిగే బటన్ మీద పెట్టండి. యార్డులో కంటే అమరావతి రోడ్డు పక్కన పొలాల్లో కల్లాలు చూపించడం మేలు. ఫిబ్రవరి, మార్చి అయితే ఎకరాలకి ఎకరాలు ఎర్రగా పరిచి ఉంటాయి. జనవరి చివర్లో మొదటి కోత కల్లాలు అక్కడక్కడా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లేటప్పుడు రైతుని అడిగి వెళ్లండి, కాయల మీద అడుగు వేయకండి. తొక్కిన కాయ పగిలి గింజ రాలితే ధర తగ్గుతుంది. పిల్లలు ముట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోకుండా చూడాలి. అంటితే వట్టి నీళ్లతో కడిగితే పోదు, ముందు కాస్త నూనె రాసి తర్వాత సబ్బుతో కడగండి.

ఉప్పలపాడు పెదకాకాని మండలంలో ఉంది, గుంటూరుకి దగ్గరే. హైవే దిగాక ఊళ్ల మధ్య రోడ్డు సన్నం. మీరు చూసేది అడవి కాదు, ఊరి చెరువులు. వాటి మధ్య తుమ్మ చెట్లు, ఆ చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు. చలికాలంలో కొమ్మ కనపడదు, పక్షే కనపడుతుంది. చెరువు మధ్యలో ఉంటాయి కాబట్టి కంటితో చూస్తే తెల్ల మచ్చలు. బైనాక్యులర్స్ 8x42 ఒక్కటి ఉన్నా పిల్లలు వదలరు. గూడబాతు నోటి కింద సంచిలోకి పిల్ల తల మొత్తం దూర్చి మేత తినడం అందులో స్పష్టంగా కనపడుతుంది. గట్టు మీద రెట్ట వాసన ఘాటుగానే ఉంటుంది, టిఫిను అక్కడ పెట్టుకోకండి. చప్పట్లు కొట్టి ఎగరేయడం మాత్రం అస్సలు వద్దు. పెద్ద పక్షి ఒక్కసారిగా లేస్తే గూట్లో గుడ్లు, పిల్లలు కింద పడిపోతాయి.

ఇంకో మాట గుంటూరు వాళ్ల కోసం. ఇక్కడి నుంచి బయల్దేరేవాళ్లకి కరకట్ట గారి వరస పనికిరాదు. మనం ముందు మంగళగిరి, తర్వాత ఉండవల్లి, అక్కడి నుంచి పడమటికి అమరావతి, ఇంటికి. పదిలోపు ఉండవల్లి దాటితే ఎండ ఇంకా వెనకే ఉంటుంది, అమరేశ్వరుడి గుడి మూసేలోపు అందుతుంది, రెండున్నరకి గుంటూరు. బ్యారేజీ మీద సూర్యాస్తమయం ఉండదు, నది కుడివైపు పడుతుంది, అంతే నష్టం.

---

పటమట వాసి

చాలా థ్యాంక్సండీ అందరికీ. గురువారానికి మార్చాం. ఉప్పలపాడు ఉంచుతున్నాం, అమరేశ్వరుడికి కార్తీకంలో విడిగా వెళ్తాం.

ఇంకొన్ని సందేహాలు. మోకాళ్ల నొప్పి ఉన్నావిడ పానకాల స్వామి దగ్గరికి ఎక్కగలరా? మంగళగిరిలో చీరలు కొనడానికి ఆ టైములో కుదురుతుందా? అమరావతి నుంచి ఉండవల్లికి కరకట్టా, రాజధాని ఊళ్ల మధ్య వేసిన సీడ్ యాక్సెస్ రోడ్డా? మా మరిది ఎలక్ట్రిక్ కారులో వెనకాల వస్తానంటున్నాడు, సరిపోతుందా?

---

కరకట్ట

మెట్ల దారి వందల మెట్లు, ఆవిడకి వద్దు. కార్లు వెళ్లే ఘాట్ రోడ్డు వేరే ఉంది, పైదాకా తీసుకెళ్తుంది. పైన కూడా కొద్దిగా మెట్లుంటాయి, చెయ్యి పట్టుకుంటే చాలు. ఎక్కేటప్పుడు మొదటి, రెండో గేర్లే, ఆ కాసేపు ఏసీ ఆపితే ఇంజనుకి బలం వస్తుంది. దిగేటప్పుడే జాగ్రత్త. ఎక్కిన గేరులోనే దిగాలి, న్యూట్రల్ వేయకూడదు. నిండు బండిని బ్రేకు మీదే దించితే కిందికి చేరేసరికి ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. అలా అయితే పక్కకి ఆపి పావుగంట చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు పోయకండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండు దగ్గర ఉంచండి. పైన పార్కింగు తక్కువ, శని ఆదివారాల్లో దొరకదు, గురువారం ఏడుంపావుకి అయితే ఇబ్బంది లేదు.

కోతులున్నాయి. కొబ్బరి చిప్పలూ పూల సంచీ చేతిలో ఊపుకుంటూ నడవొద్దు, చున్నీలో దాచుకోండి. పానకం సీసా పట్టుకెళ్తే మిగతాది ఇంటికి తెచ్చుకోవచ్చు. స్వామి నోట్లో శంఖంతో పోసిన పానకంలో సగం తీసుకుని సగం వదిలేస్తాడని ప్రతీతి, ఆ మిగిలిందే మనకి ప్రసాదం. దిగాక ఊళ్లో గాలిగోపురం కింద రెండు నిమిషాలు ఆగండి. 11 అంతస్తులు, 153 అడుగుల ఎత్తు, వెడల్పు చూస్తే 49 అడుగులే. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807, 1809 మధ్య కట్టించింది. ఎదురుగా కంటే కాస్త పక్కగా నిలబడి చూస్తే ఆ సన్నదనం తెలుస్తుంది.

చీరల కొట్లు పదికి ముందు తెరవరు కాబట్టి ఈ ట్రిప్పులో కుదరదు. నిజాం అంచు చీర కొనాలంటే తీరిగ్గా, గుంట మగ్గం చూసి కొనడానికి విడిగా రండి.

సీడ్ యాక్సెస్ రోడ్డు గురించి నిజం చెప్పాలి. వెడల్పు, నునుపు, ఖాళీ. కానీ అక్కడి నుంచి నది కనపడదు. కరకట్ట మీద నుంచి కూడా మధ్యలో చెట్లు, ఇళ్లు, తోటలు అడ్డం ఉంటాయి. నది బాగా కనిపించేది నాలుగే చోట్ల: అమరావతి ఘాటు, వైకుంఠపురం, సీతానగరం, బ్యారేజీ. అందుకని అమరావతి నుంచి వైకుంఠపురం వెళ్లి, కొండ పక్కన పది నిమిషాలు ఆగి (కృష్ణ అక్కడ ఉత్తరానికి మళ్లుతుంది), తర్వాత బోరుపాలెం దగ్గర సీడ్ యాక్సెస్ రోడ్డు ఎక్కి వెంకటపాలెం దాకా వచ్చేయండి. అక్కడి నుంచి ఉండవల్లి వరకు కరకట్ట పట్టుకోండి. ఆ ముక్కలోనే అసలు అందం ఉంది. కట్టకి దిగువన జరీబు భూములు, అంటే నది పక్కన ఏడాదంతా పండే సారవంతమైన నేలలు. అరటి, కంద, పసుపు, జామ, పూలు ఒకే మడిలో పక్కపక్కన కనపడతాయి.

సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పు చూసి 100 లో పోకండి. అడ్డరోడ్ల దగ్గర సిగ్నల్ ఉండదు, రాజధాని పనుల టిప్పర్లు, సిమెంటు మిక్సర్లు డివైడర్ సందుల్లోంచి తిరుగుతాయి. సాయంత్రం గేదెలు గుంపుగా దాటుతాయి. 60 చాలు. కరకట్ట మీదైతే 30, 40. అక్కడ రోడ్డుకి రెండు వైపులా ఏటవాలు, చక్రం జారితే నిలవదు. ఎదురుగా బస్సు వస్తే కాస్త వెడల్పున్న చోట ముందే ఆగి ఉండాలి.

---

రేగడి నేల

ఎలక్ట్రిక్ కారుకి 120 కిలోమీటర్లు పెద్ద దూరం కాదు, ఇంటి దగ్గర నిండా ఛార్జి పెట్టుకుంటే చాలు. కంపెనీ చెప్పిన రేంజిలో మూడింట రెండు వంతులే లెక్కేసుకోండి, ఘాట్ రోడ్డు, ఏసీ, నిండు బండి అన్నీ తింటాయి. దిగేటప్పుడు రీజెన్ (బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీని తిరిగి నింపే పద్ధతి) ఎక్కువలో పెడితే బ్రేకు బాధే లేదు. ఒక్క విషయం, బ్యాటరీ 100 శాతం ఉన్నప్పుడు రీజెన్ సరిగ్గా పట్టదు. మంగళగిరి కొండ మొదట్లోనే వస్తుంది కాబట్టి 90 దగ్గర ఛార్జింగ్ ఆపేయడం మంచిది.

---

అమరారామం

అమరావతిలో పిల్లలకి ముందే చెప్పండి, స్తూపం అంటే సాంచిలా గుండ్రటి డోము ఉండదు. మహాచైత్యం ఇప్పుడు నేలకి కాస్త ఎత్తున్న గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలిపిన రాతి పలకలు, అంతే. 1797లో కాలిన్ మెకంజీ చూసిన తర్వాత శిల్పాలు చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లిపోయాయి. మిగిలినవి ఊళ్లో మ్యూజియంలో ఉన్నాయి. అందుకే మ్యూజియం ముందు, దిబ్బ తర్వాత చూడాలి. చెక్కిన పలకల మీద స్తూపం పూర్తి రూపం చెక్కి ఉంటుంది, అది చూసి వెళ్తే ఖాళీ దిబ్బ మీద పిల్లలు తమంతట తాము డోము ఊహించుకోగలరు. పూర్ణకుంభం ఎక్కడుందో వెతకమనండి. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఆ అమరావతి పూర్ణఘటమే.

భోజనం ఒంటిగంటలోపు కానివ్వండి. గుడి దగ్గర చిన్న మెస్సులే, రెండు దాటితే కూరలు అయిపోతాయి. పెద్దవాళ్లకి పెరుగన్నం డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి. 125 అడుగుల ధ్యాన బుద్ధుడి దగ్గర నీడ తక్కువ, గొడుగు తీసుకెళ్లండి.

ఘాటులో పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. పైకి నిశ్చలంగా కనిపిస్తుంది, అదంతా బ్యారేజీ వెనక నిలిచిన నీరు. చివరి మెట్టు తర్వాత ఇసుక ఎక్కడ లోతుగా ఉందో ఎవరికీ తెలియదు. చెంబుతో తల మీద చల్లుకుంటే చాలు.

---

పటమట వాసి

ఆఖరి ప్రశ్న. బ్యారేజీ మీద కారు ఆపి సూర్యాస్తమయం చూడొచ్చా?

---

కరకట్ట

ఆపనివ్వరు, ఆపకూడదు కూడా. సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా అటూ ఇటూ ఒకటే రద్దీ. ఒక్క బండి ఆగితే సీతానగరం దాకా వరస కడుతుంది. ఉండవల్లిలో అయిదుకల్లా బయటపడి, సీతానగరం ఘాటు దగ్గర కారు పెట్టేయండి. అక్కడి మెట్ల మీద కూర్చుంటే కుడి చేతి వైపు బ్యారేజీ గేట్ల వరస మొత్తం, అవతల ఇంద్రకీలాద్రి. ఎడమ వైపు నీళ్ల మీద సూర్యుడు. పొద్దు గుంకాక వెంటనే లేవకండి, పావుగంట ఆగితే గేట్ల మీద దీపాలు వెలిగి నీళ్లలో కనిపిస్తాయి.

తర్వాత బ్యారేజీ మీద 20 లో వెళ్లొచ్చు. ఆ పొడవు 1,223 మీటర్లే, అద్దాలు దించుకుంటే గాలి బాగుంటుంది. అవతల దిగాక ఘాట్ రోడ్డు వైపు గుడి రద్దీ తగులుతుంది. పటమట కాబట్టి మీరు కుడికి తిరిగి కృష్ణలంక మీదుగా పోండి. సీతానగరం దగ్గరే వరస బాగా ఉందనిపిస్తే బ్యారేజీ ఎక్కకుండా తాడేపల్లి నుంచి వారధికి వెళ్లిపోండి, మీ ఇంటికి అదే ముందు చేరుస్తుంది.